బోరు మోటరులో అయస్కాంతం ఎక్కడుంది?

మొన్న ఎండల్లో మా బత్తాయి తోటలోని ఐదు హెచ్‌పీ మోటరు కాలిపోయింది. నల్లగొండ జిల్లాలో ఈ మాట చెప్తే ఎవరూ అయ్యో అనరు, ‘ఎన్ని ఫీట్ల మీదుంది?’ అని అడుగుతారు. పైపులన్నీ గుంజి, మోటరును ఆటోలో వేసుకుని దేవరకొండ రోడ్డులో ఉన్న వైండింగ్ షాపుకు పోయాం. మా అన్న కొడుకు కూడా వచ్చాడు. ఏడో తరగతి. పాత స్పీకరు పగలగొట్టి తీసిన అయస్కాంతం ఎప్పుడూ వాడి జేబులోనే ఉంటుంది. స్పీకరులోనే అంతుంటే, నీళ్లను పాతాళం నుంచి ఎత్తే మోటరులో ఇంకెంత పెద్దది ఉంటుందోనని వాడి ఆశ.

మోటరు విప్పాక వాడు తన అయస్కాంతం పట్టుకుని వెతికాడు. బయటి ఇనుప రేకుల దొంతరకు అది టక్కున అతుక్కుంది. కాలి నల్లబడ్డ రాగి తీగకు అతుక్కోలేదు. కానీ మోటరులోని ఏ భాగమూ తనంతట తాను ఒక్క మేకును కూడా లాగలేదు.

“ఇండ్ల అయస్కాంతం యాడుంటది పిల్లగా?” అన్నాడు మెకానిక్. “కరెంటొస్తెనే అయస్కాంతం. పోతె ఉత్త ఇనుమే.”

ఆ మాటలో పంతొమ్మిదో శతాబ్దపు భౌతికశాస్త్రం సగం ఉంది. 1820లో డెన్మార్క్‌లో అయిర్‌స్టెడ్ అనే ప్రొఫెసర్ కరెంటు పారుతున్న తీగ దగ్గర దిక్సూచి పెడితే ముల్లు పక్కకు తిరిగింది. అయస్కాంతానికి అతుక్కోని రాగి తీగే, కరెంటు పారేసరికి తన చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించింది. క్షేత్రం అంటే ఇంకేం కాదు, దిక్సూచి ముల్లును తిప్పే ప్రభావం విస్తరించి ఉన్న చోటు. తీగను చుట్టలుగా చుడితే ప్రతి చుట్టు క్షేత్రమూ కలిసి బలపడుతుంది. మధ్యలో ఇనుము పెడితే ఇంకా ఎన్నో రెట్లు. 1825లో ఇంగ్లండ్‌లో స్టర్జన్ సుమారు 200 గ్రాముల ఇనుముకు తీగ చుట్టి 4 కిలోల బరువు ఎత్తించాడు. ఆయన వాడింది పూత లేని తీగ కాబట్టి చుట్లు ఒకదానికొకటి తగలకుండా ఎడంగా వేయాల్సి వచ్చింది. తీగకే పూత వేసి దగ్గర దగ్గరగా, దొంతర మీద దొంతర చుట్టినవాడు అమెరికాలోని జోసెఫ్ హెన్రీ. మన షాపుల్లో జరిగే వైండింగ్ ఆ దారిలోనిదే. బోరు మోటరు లోపలంతా నీళ్లు ఉంటాయి కనుక దీని తీగకు ప్లాస్టిక్ పూత ఉంటుంది. దాన్ని ఒక్కో పోగే, సూదిలో దారం ఎక్కించినట్టు, ఇనుప గాళ్లలోంచి దూర్చాలి. చూస్తుంటే నా మెడ నొప్పి పెట్టింది.

ఇనుము ఎందుకంత సాయం చేస్తుంది? ఇనుములోని ఎలక్ట్రాన్లకు సహజంగానే అయస్కాంత గుణం ఉంది. చిన్న చిన్న గుంపులుగా అవి ఒకే దిక్కు చూస్తుంటాయి, కానీ ఏ గుంపు దిక్కు దానిదే. క్షేత్రం తగిలితే గుంపులన్నీ ఒకవైపు తిరుగుతాయి. మోటరు రేకుల్లోని మెత్తటి ఇనుములో కరెంటు పోగానే మళ్లీ చెదిరిపోతాయి. స్పీకరు అయస్కాంతంలో చెదరవు. అంతే తేడా. మన పాతకాలపు సూదంటురాయి, అంటే సూదిని అంటించుకునే రాయి, ఈ రెండో రకం.

అసలు వింత తిరగడంలో ఉంది. ఒకే రోట్లో ముగ్గురు ఆడవాళ్లు రోకళ్లతో దంచుతున్నారనుకోండి. ఒకరి తర్వాత ఒకరు, సమానమైన ఎడంతో వేస్తారు. పైనుంచి చూస్తే దెబ్బ రోలు చుట్టూ తిరుగుతున్నట్టే ఉంటుంది, మనుషులు మాత్రం నిలబడ్డ చోటే ఉంటారు. మూడు వైర్లలో వచ్చే త్రీఫేజు కరెంటు కూడా ఇంతే. మూడు ఫేజుల కరెంటు ఒకదాని వెనక ఒకటి పెరిగి తగ్గుతుంటే, కదలని తీగచుట్టల మధ్య అయస్కాంత క్షేత్రం గిరగిరా తిరుగుతుంది. సెకనుకు 50 సార్లు, మన మోటర్లలో నిమిషానికి 3,000 చుట్లు.

కొత్త వైండింగ్ అయ్యాక మెకానిక్ దాన్ని కళ్లకు కట్టించాడు. వోల్టేజీ బాగా తగ్గించి, ఖాళీ స్టేటరులో, అంటే తీగ చుట్టిన కదలని బయటి భాగంలో, బేరింగు గోలీ ఒకటి వేసి స్విచ్ నొక్కాడు. గోలీ లోపలి గోడ వెంబడి గరగరమంటూ పరుగెత్తింది. రెండు వైర్లు అటూ ఇటూ మార్చి నొక్కితే అదే గోలీ ఉల్టా పరుగెత్తింది. ముగ్గురిలో ఇద్దరు చోట్లు మార్చుకుంటే దెబ్బల వరుస తిరగబడ్డట్టే. ఒక వైరు తీసేసి నొక్కితే గోలీ ఒక పక్కన ఒణుకుతూ ఉండిపోయింది. (ఇది చేయి తిరిగినవాళ్ల పని, ఇంట్లో చేసి చూడకండి.)

గోలీ స్థానంలో ఉండి తిరిగే భాగం, అంటే రోటరుకు, ఒక్క వైరూ పోదు. రాగి కడ్డీలు, రెండు చివర్ల రింగులు, అంతే. తిరిగే క్షేత్రం ఆ కడ్డీలను దాటుతుంటే వాటిలో తనంతట తానే కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టింది ఇదే: మారుతున్న అయస్కాంత క్షేత్రం కరెంటును పుట్టిస్తుంది. అందుకే రోటరు ఎప్పుడూ క్షేత్రం కంటే కొంచెం వెనకే ఉంటుంది. వేగంలో దాన్ని అందుకుంటే కడ్డీలను దాటేదేమీ ఉండదు, కరెంటు పుట్టదు, తిప్పే బలమూ ఉండదు. ఇదే సూత్రంతో, తిప్పి కరెంటు పుట్టించనూ వచ్చు. నాగార్జునసాగర్ ప్రధాన పవర్‌హౌస్‌లోని ఏడు రివర్సిబుల్ యూనిట్లయితే రెండు పనులూ చేస్తాయి. నీళ్లు తిప్పితే జనరేటర్లు, కరెంటిస్తే నీళ్లను వెనక్కు తోడే మోటర్లు.

మరి మా మోటరు ఎందుకు కాలింది? ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒక ఫేజు పోయింది. మిగిలిన రెండు వైర్లలో పారేది ఒకే కరెంటు. రోట్లో వరుస పోయి, ఒకే దెబ్బ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. తిరుగుతున్న మోటరు అలాగే ఈడ్చుకుపోతుంది కానీ, అదే బరువు లాగడానికి సుమారు 1.7 రెట్లు కరెంటు గుంజుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే దాదాపు మూడు రెట్లు. స్టార్టరులోని నోవోల్ట్ కాయిల్ కూడా ఒక విద్యుదయస్కాంతమే. కరెంటు ఉన్నంతసేపూ పట్టుకుంటుంది, పోతే వదిలేస్తుంది. అయితే అది రెండు ఫేజుల మధ్యే ఉంటుంది. పోయింది మూడోది, దానికి తెలియనే తెలియదు. కాపాడాల్సింది ఓవర్‌లోడ్ రిలే, అంటే కరెంటు హద్దు దాటితే మోటరును ఆపేసేది. ఊరికే పడిపోతోందని దాన్ని ఎక్కువకు తిప్పి పెట్టిన మహానుభావుణ్ని నేనే.

తిరుగు దారిలో పిల్లవాడు అడిగాడు: “చిన్నాయనా, భూమి లోపలన్నా పెద్ద అయస్కాంతం ఉంటదా?” అక్కడా లేదు. సుమారు 770 డిగ్రీలు దాటితే ఇనుము అయస్కాంత గుణం పోగొట్టుకుంటుంది. భూగర్భం వేల డిగ్రీల వేడి. అక్కడ కరిగిన ఇనుము సుడులు తిరుగుతుంటే పుట్టే కరెంట్లే దిక్సూచి ముల్లును ఉత్తరానికి తిప్పుతున్నాయి. ఆ క్షేత్రం బలం మన దగ్గర 40 మైక్రోటెస్లాలకు (క్షేత్ర బలాన్ని కొలిచే కొలత) కాస్త అటూ ఇటూ ఉంటుంది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వాళ్లు చౌటుప్పల్‌లో దాని మార్పులను నమోదు చేస్తుంటారు. వాడికి ఆ మాట పెద్దగా నచ్చలేదు. అయస్కాంతం అంటే చేతికి దొరకాలి కదా.

మర్నాడు మోటరు దించి స్టార్టరు నొక్కాం. మోత బాగానే ఉంది, నీళ్లు మాత్రం పిల్లకాలువలా సన్నగా వచ్చాయి. నేను పైపుల జాయింట్లను అనుమానిస్తుంటే, మావాడు “ఉల్టా తిరుగుతుంది, రెండు వైర్లు మార్చు” అన్నాడు.

“ఏ రెండురా?”

“ఏ రెండైనా సరే.”