పేరు బ్యాండుది, గొంతు పెర్రీది: జర్నీ తగువు వెనక కథ

అమెరికా రాక్ బ్యాండు జర్నీ టూర్ ప్రకటించిన ప్రతిసారీ అభిమానుల్లో పాత తగువు మళ్లీ లేస్తుంది. పాత గాయకుడు స్టీవ్ పెర్రీ లేని జర్నీ అసలు జర్నీయేనా? నిజానికి ఆ బ్యాండును పెట్టింది పెర్రీ కాదు. ఆయన తెంపు లేకుండా పాడింది పదేళ్లే. పక్కకు తప్పుకుని పాతికేళ్లు దాటినా తగువు మాత్రం తీరలేదు.

1973లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మేనేజర్ హెర్బీ హెర్బర్ట్ ఈ బ్యాండును కూర్చాడు. శాంటానా అనే రాక్ బ్యాండు నుంచి బయటికొచ్చిన గిటారిస్టు నీల్ షోన్, కీబోర్డు వాయిస్తూ పాడే గ్రెగ్ రోలీ దానికి మూలస్తంభాలు. మొదటి మూడు ఆల్బమ్‌లలో వాయిద్యాల విన్యాసానిదే పైచేయి. సంగీతం తెలిసినవాళ్లు మెచ్చుకున్నారు కానీ రికార్డులు కదల్లేదు. ముందు నిలబడి పాడే గాయకుణ్ణి తెచ్చుకోమని కొలంబియా రికార్డ్స్ పట్టుబట్టింది. రాబర్ట్ ఫ్లైష్‌మన్ కొన్నాళ్లు పాడాక, 1977లో పెర్రీ వచ్చాడు. అంతకుముందే తన బ్యాండులో బాస్ వాయించే మిత్రుడు కారు ప్రమాదంలో పోవడంతో, ఇక పాటలే మానేద్దామనుకున్న మనిషి. నల్లజాతి వారి 'సోల్' సంగీతంలో పేరుపడ్డ సామ్ కుక్ పాటలు వింటూ పెరిగిన ఆ గొంతు షోన్ గిటార్‌తో కలిసేసరికి జర్నీకి ఓ సొంత గుర్తు ఏర్పడింది.

1978లో 'ఇన్‌ఫినిటీ' ఆల్బమ్ బాగా ఆడింది. రోలీ తప్పుకున్నాక కీబోర్డు దగ్గరికి జొనాథన్ కెయిన్ వచ్చాడు. 1981లో వచ్చిన 'ఎస్కేప్' అమెరికా ఆల్బమ్‌ల చార్టులో మొదటి స్థానానికి చేరింది. అందులోదే 'డోంట్ స్టాప్ బిలీవిన్'. కష్టాల్లో ఉన్న కెయిన్‌కు తండ్రి చెప్పిన ధైర్యం మాట అది. పాట కట్టిన తీరే చిత్రం: పేరులో ఉన్న ఆ మాట కోరస్‌గా రావాలంటే మూడు నిమిషాలకు పైగా ఆగాలి. పాటలో చెప్పే 'సౌత్ డెట్రాయిట్' అనే ఊరూ లేదు. డెట్రాయిట్ నడిబొడ్డు నుంచి దక్షిణానికి వెళ్తే నది దాటి కెనడాలో తేలతాం! 1983 నాటి 'ఫ్రాంటియర్స్' మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' ధాటికి రెండో స్థానంలోనే ఆగింది. విమర్శకులకు మాత్రం జర్నీ గిట్టలేదు. 'కార్పొరేట్ రాక్', అంటే అమ్మకాల కోసం అచ్చుపోసిన సంగీతం, అని తీసిపారేశారు. నా లెక్కన ఆ మాటలో కొంత నిజముంది, కొంత అక్కసూ ఉంది.

చీలిక ఒక్క రోజులో రాలేదు. 1984లో పెర్రీ సొంతంగా ఆల్బమ్ చేసి హిట్ కొట్టాడు. తిరిగొచ్చాక పగ్గాలు ఎక్కువగా ఆయన చేతిలోనే ఉన్నాయి. 1986 నాటి 'రెయిజ్డ్ ఆన్ రేడియో' తయారవుతుండగా బాస్ వాయించే రాస్ వాలరీని, డ్రమ్మర్ స్టీవ్ స్మిత్‌ను పక్కనపెట్టారు. ఆ రోజుల్లోనే పెర్రీ తల్లి పోయింది. టూర్ మధ్యలోనే ఆయన అలసిపోయాడు. 1987 మొదట్లో బ్యాండు ఆగిపోయింది.

విచిత్రమేమిటంటే, అభిమానం పెరిగింది ఆ తర్వాతే. 1988లో వచ్చిన 'గ్రేటెస్ట్ హిట్స్' దశాబ్దాలుగా అమ్ముడవుతూనే ఉంది. 1996లో అందరూ మళ్లీ కలిసి 'ట్రయల్ బై ఫైర్' చేశారు. అంతలో పెర్రీకి తుంటి ఎముక జబ్బు బయటపడింది. ఆపరేషన్ ఎప్పుడన్నది తానే తేల్చుకుంటానన్నాడాయన. మిగతావాళ్లు ఆగలేక 1998లో ఆయన స్థానంలో గాయకుడిగా స్టీవ్ ఆజెరీని తెచ్చుకున్నారు. అసలు గాయం ఇదే. బ్యాండు పేరు వాళ్ల దగ్గరుండిపోయింది, పాటలకు ప్రాణమైన గొంతు ఇంటికెళ్లిపోయింది. మన పద్యనాటకాలకూ జనం కృష్ణుడి కోసం కాదు, ఆ వేషం కట్టే ఆయన రాగం కోసం వెళ్లేవారు కదా.

2007లో రెండు సంగతులు కలిసొచ్చాయి. జూన్‌లో 'ది సొప్రానోస్' సీరియల్ చివరి సన్నివేశంలో 'డోంట్ స్టాప్ బిలీవిన్' వినిపించింది. అదే ఏడాది షోన్ మళ్లీ కొత్త గాయకుడి కోసం యూట్యూబ్‌లో వెతుకుతూ మనీలా గాయకుడు ఆర్నెల్ పినేడాను కనుక్కున్నాడు. చిన్నప్పుడు వీధుల్లో బతికిన పినేడా, పెర్రీ పాటల్ని దాదాపు అదే శ్రుతిలో అందుకున్నాడు. 2009లో 'గ్లీ' సీరియల్ ఆ పాటను కొత్త తరానికి అందించింది. ఈ కుర్రాళ్లకు తగువుతో పనిలేదు. పాట తెలుసు, అంతే. పాతవాళ్లలో కొందరు పినేడాను నెత్తిన పెట్టుకున్నారు, కొందరు ఇప్పటికీ 'అనుకరణ' అంటారు. ఆ మాట అన్యాయం. ఏళ్ల తరబడి రాత్రి రాత్రికీ ఆ ఎత్తున పాడడం అనుకరణతో అయ్యే పని కాదు.

2017లో జర్నీ రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరినప్పుడు పెర్రీ వేదికెక్కాడు. పాత మిత్రులకు కృతజ్ఞతలు చెప్పాడు కానీ పాడలేదు. పాడింది పినేడా.

గొంతు సంగతి అలా ఉంటే, పేరు మీద పోరు కోర్టుకెక్కింది. మళ్లీ బ్యాండులోకి వచ్చిన వాలరీ, స్మిత్ జర్నీ పేరును చేజిక్కించుకోవాలని చూస్తున్నారంటూ 2020లో షోన్, కెయిన్ వాళ్లను తొలగించి కేసు వేశారు. మరుసటి ఏడాది రాజీ కుదిరింది. 2022లో షోన్, కెయిన్‌లకే చెడింది. ఈసారి గొడవ బ్యాండు క్రెడిట్ కార్డు దగ్గర మొదలైంది. ఇద్దరూ లాయర్లను పెట్టుకున్నారు, ఒకే వేదిక మీద వాయిస్తూనే ఉన్నారు. 2024లో డెఫ్ లెపర్డ్ అనే మరో రాక్ బ్యాండుతో కలిసి స్టేడియంలలో టూర్ కూడా చేశారు.