సేలం కోర్టులో కనిపించని సాక్ష్యం

1692లో అమెరికాలోని సేలంలో చేతబడి నేరం మోపి 19 మందిని ఉరి తీశారు. విచారణకు తల ఒగ్గని జైల్స్ కోరీ అనే ముసలి రైతును ఒంటిమీద బండరాళ్లు పేర్చి చంపారు. ఆనాటి జనం మూఢత్వమే దీనికి కారణమని సరిపెట్టుకుంటాం. మరి ఆ నమ్మకం అంతకుముందూ ఉంది, తర్వాతా ఉంది. అంతమందిని ఉరికంబం ఎక్కించింది కోర్టు చెల్లుతుందన్న సాక్ష్యం.

ఆ జనవరిలో పాస్టరు శామ్యూల్ పారిస్ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు ఉన్నట్టుండి మెలికలు తిరిగిపోసాగారు. ఎవరో చెడుపు చేశారని వైద్యుడు తేల్చాడు. చేసిందెవరో బయటపడాలని పొరుగింటామె ఒక చిట్కా చెప్పింది: రై అనే ధాన్యం పిండిలో ఆ పిల్లల మూత్రం కలిపి, రొట్టె కాల్చి కుక్కకు పెట్టాలి. పెట్టారు కూడా. సంగతి తెలిశాక పాస్టరు మండిపడ్డాడు, సైతానును పట్టడానికి సైతాను సాయమే అడుగుతారా అని!

మేలో ప్రత్యేక కోర్టు పెట్టారు. ఫలానా ఆమె రూపం వచ్చి గొంతు నులిమిందని బాధితురాలు చెబితే అక్కడ అది సాక్ష్యమే. ఆ రూపం ఇంకెవరికీ కనిపించదు. నిందితురాలు ఆ రాత్రి గడప దాటలేదని పదిమంది చెప్పినా లాభం లేదు, వచ్చింది మనిషి కాదు గదా. ఏ పాపం ఎరగని మనిషి రూపాన్ని, ఆ మనిషి అనుమతి లేకుండా సైతాను వాడుకోగలడా అన్నదే అసలు చిక్కు. వాడుకోలేడని ప్రధాన న్యాయమూర్తి విలియం స్టౌటన్ నమ్మకం. దాంతో ఎవరి రూపం కనిపిస్తే వాళ్లు దోషులే.

ఇంకొకటి తాకుడు పరీక్ష. గిలగిల కొట్టుకుంటున్న పిల్లమీద నిందితురాలి చెయ్యి పెట్టిస్తారు. పిల్ల కుదుటపడితే, విషం పంపినామె ఒంట్లోకే తిరిగి వెళ్లిందని అర్థం. తాకేదెవరో పిల్లకు తెలుస్తూనే ఉంటే ఇక పరీక్ష ఏముంది? ఈ అనుమానం 30 ఏళ్ల ముందే ఇంగ్లండ్‌లో వచ్చింది. 1662లో బరీ సెయింట్ ఎడ్మండ్స్ విచారణలో పిల్ల కళ్లు ఏప్రాన్‌తో కప్పి, నిందితురాలికి బదులు వేరే ఆమెతో తాకించారు. ఫలితం అచ్చం అదే. ఇది బూటకమని చూసినవాళ్లు తెగేసి చెప్పారు. అయినా ఇద్దరు ఆడవాళ్లకు ఉరి తప్పలేదు. ఆ కేసు వివరాలు 1682లో అచ్చయ్యాయి, సేలం జడ్జీలు వాటినే ప్రమాణంగా తీసుకున్నారు.

నేరం ఒప్పుకుని ఆ మాటమీదే నిలబడ్డవాళ్లెవరినీ సేలంలో ఉరి తీయలేదు. ఒప్పుకున్నాక తోటివాళ్ల పేర్లు చెప్పాలి, అందుకే కేసులు పెరుగుతూ పోయాయి. ఒప్పుకుని మళ్లీ కాదన్న శామ్యూల్ వార్డ్‌వెల్‌ను మాత్రం ఉరి తీశారు.

రై గింజలకు పట్టే ఎర్గాట్ బూజు విషంవల్లే పిల్లలకు ఆ లక్షణాలు వచ్చాయని 1976లో ఒక వాదన వచ్చింది, ఇప్పటికీ తెగ తిరుగుతోంది. నిందితురాలు చూడగానే మొదలై, తాకగానే ఆగిపోయే విషం ఏదీ లేదు.

అక్టోబరులో గవర్నరు విలియం ఫిప్స్ ఆ కోర్టును రద్దు చేశాడు. 1693 జనవరిలో కూర్చున్న కొత్త కోర్టుకూ స్టౌటనే పెద్ద, కానీ రూపాల సాక్ష్యం అక్కడ చెల్లలేదు. ముగ్గురిపైనే నేరం నిలిచింది. వాళ్ల ఉరినీ, పాత కోర్టు వేసిన మిగతా ఉరిశిక్షలనూ ఫిప్స్ ఆపించేసరికి స్టౌటన్ కోపంతో బెంచి ఎక్కనని లేచి వెళ్లిపోయాడు.