పాత సినిమా మసకగా పుట్టలేదు

“పాత సినిమా కదా, బొమ్మ మసకగానే ఉంటుంది” అనే మాట కోనసీమ ఇళ్లలో టీవీ ముందు తరచూ వినిపిస్తుంది. విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది, ఎందుకంటే ఆ మసక పుట్టుకతో వచ్చింది కాదు.

బాపు ‘సాక్షి’ (1967) చిత్రీకరణ కోనసీమలోని పులిదిండి అనే ఊళ్లో జరిగింది. ఆ కాలపు మన సినిమాలకు వాడింది 35 మిల్లీమీటర్ల ఫిల్ము. దాని మీది ఒక్కో బొమ్మ, అంటే ఫ్రేము, వెడల్పు రెండు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. ఫిల్ము మీది వెండి లవణపు స్ఫటికాలకు వెలుగు తగిలితే, రసాయనాల్లో కడిగాక అవి వెండి రేణువులుగా మిగులుతాయి. నలుపు తెలుపు సినిమాలో నీడంటే ఆ వెండే. హెచ్‌డీ తెర మీద ఉండేవి దాదాపు 20.7 లక్షల చుక్కలు. శ్రద్ధగా తీసిన నెగెటివ్‌లో, అంటే కెమెరాలో నడిచిన అసలు ఫిల్ములో, అంతకు మించిన వివరం ఉంటుంది. అందుకే ఇప్పుడు పాత నెగెటివ్‌లను 83 లక్షల చుక్కల 4కేలో స్కాన్ చేస్తున్నారు.

మరి మసక ఎక్కడిది? జిరాక్సుకు జిరాక్సు తీసినట్టు, నెగెటివ్ నుంచి థియేటర్‌లో ఆడే ప్రింటు దాకా ప్రతి నకలులోనూ కొంత వివరం పోయింది. ఊళ్లు తిరిగి తిరిగి ప్రింటు గీతలు పడింది. తర్వాత బొమ్మను 576 అడ్డవరుసల్లోనే చూపే పాత టీవీ ప్రసారం మిగిలినదాన్నీ తగ్గించింది.

మన తీరపు ఉక్కపోత మరో శత్రువు. ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము వేడికి, తేమకు విచ్ఛిన్నమై ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంటుంది. ఆ ఆమ్లమే కుళ్లును ఇంకా వేగిరపరుస్తుంది. ఫిల్ము కుంచించుకుపోయి వంకర్లు తిరుగుతుంది. రంగుల ప్రింట్లలోనైతే చాలావాటిలో ముందుగా నీలి ఆకుపచ్చ రంగు వెలిసిపోయి, పచ్చని వరిచేలు ఎర్రబారతాయి.

ఇన్ని గండాలు గడిచి మంచి నకలు మన ఇంటికి చేరితే, దాన్ని మన టీవీయే పాడుచేయవచ్చు. తెర మీద సన్నగా కదలాడే గరుకుదనం ఫిల్ము మీది ఆ వెండి రేణువుల జాడే. దాన్ని మచ్చ అనుకుని టీవీ సెట్టింగుల్లోని ‘నాయిస్ రిడక్షన్’ తుడిచేస్తే గోదావరి మీది చిన్న అలలు, చీర నేత కూడా చెరిగిపోతాయి. ‘మోషన్ స్మూతింగ్’ అనే మరో సెట్టింగు, సెకనుకు 24 చొప్పున నడిచే సినిమా ఫ్రేముల మధ్య లేని ఫ్రేములు పుట్టిస్తుంది. రెండింటినీ ఆపేయండి.

పాత సినిమా బొమ్మకు రెండు పక్కలా వచ్చే నల్లపట్టీలు నచ్చక ‘జూమ్’ నొక్కితే దాదాపు నాలుగో వంతు బొమ్మ పోతుంది. పడవ సన్నివేశమైతే పైన ఆకాశం, కింద నీరు తెగిపోతాయి. పట్టీలను ఉండనివ్వండి. ఛాయాగ్రాహకుడు కెమెరాలో కూర్చుకున్న చట్రం వాటి మధ్యనే ఉంది.