ఫెస్టింగ్ నోట వచ్చిన మాట ‘విధేయత’

2022 సెప్టెంబర్ 3న పోప్ ఫ్రాన్సిస్ ఒక్క ఉత్తర్వుతో క్రూసేడ్ల కాలంలో పుట్టిన కాథలిక్ నైట్ల (యోధుల) సంఘం మాల్టా ఆర్డర్‌కు కొత్త రాజ్యాంగం ఇచ్చారు. దాని పాలకవర్గమైన సార్వభౌమ మండలిని రద్దు చేసి, తాత్కాలిక మండలిని తానే నియమించారు. సొంత పాస్‌పోర్టులు, తపాలా బిళ్లలు, నూరుకు పైగా దేశాలతో దౌత్య సంబంధాలు ఉన్న సంస్థపై వాటికన్‌కు ఇంత అధికారం ఎక్కడిదన్న తగవు మళ్లీ రాజుకుంది. దాని చరిత్రలోని క్రూసేడ్లు, రోడ్స్ కోట, నెపోలియన్ చేతికి చిక్కిన మాల్టా అందరికీ తెలిసినవే. ఈ తగవుకు ముడి పడింది 2016 డిసెంబర్ 6న.

ఆ రోజు 79వ గ్రాండ్ మాస్టర్ (ఆర్డర్ అధిపతి) మాథ్యూ ఫెస్టింగ్, సంస్థ విదేశాంగ మంత్రి వంటి గ్రాండ్ ఛాన్సలర్ ఆల్బ్రెక్ట్ వాన్ బోసెలాగర్‌ను రాజీనామా చేయమన్నారు. పక్కనే ఆర్డర్‌లో పోప్ ప్రతినిధి కార్డినల్ బర్క్ ఉన్నారు. బోసెలాగర్ వినలేదు. విధేయత పేరిట ఆజ్ఞాపించినా వినలేదు. దాంతో ఆయన్ను పదవి నుంచి తప్పించారు. ఆయన పర్యవేక్షించిన సేవా విభాగం మయన్మార్‌లో కాథలిక్ బోధనకు విరుద్ధమైన కండోములు పంచిందన్నది ఆరోపణ. తెలియగానే ఆపించానని ఆయన వాదన.

ఫెస్టింగ్ బ్రిటిష్ ఫీల్డ్ మార్షల్ కుమారుడు, గ్రెనేడియర్ గార్డ్స్‌లో పనిచేసినవారు, తర్వాత సోదబీస్ వేలం సంస్థలో ఉద్యోగి. 1539లో తల నరికించుకున్న, ఆర్డర్ అమరవీరుడిగా కొలిచే ఏడ్రియన్ ఫోర్టెస్క్యూ వంశం తమదని చెప్పుకునేవారు. 1991లో పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత వ్రతాలు పట్టారు. అటువంటి మనిషికి ఆజ్ఞను ధిక్కరించిన అధికారి కొనసాగడం ఊహకందని సంగతి. పోప్ డిసెంబర్ 22న అయిదుగురితో విచారణ సంఘం వేస్తే, ఇది మా ఇంటి వ్యవహారమంటూ సహకరించలేదు. ఆ సంఘంలో కొందరికి, ఆర్డర్‌కు దక్కాల్సిన జెనీవా నిధితో సంబంధముందని కూడా ఆయన పక్షం ఆక్షేపించింది. దానికి సూటి జవాబు రాలేదని నా అభిప్రాయం.

అయితే వాటికన్ చేతిలో పాత కాగితం ఒకటుంది. 1951లో గ్రాండ్ మాస్టర్ లూడొవికో కీజీ మరణించాక ఇదే పేచీ రేగింది. కార్డినళ్ల న్యాయస్థానం 1953 జనవరి 24న తీర్పు చెప్పింది: ఆర్డర్‌ది పూర్తి అర్థంలో సార్వభౌమత్వం కాదు, మఠ సంఘంగా అది పోప్ పీఠానికి లోబడే ఉంటుంది. తర్వాతి గ్రాండ్ మాస్టర్ ఎన్నికకు 1962 దాకా ఆగాల్సి వచ్చింది. 2022 సెప్టెంబర్ ఉత్తర్వు ఆ తీర్పునే ఉటంకిస్తుంది.

2017లో సరిగ్గా ఆ జనవరి 24నే పోప్ ఫెస్టింగ్‌ను పిలిపించి రాజీనామా కోరారు. కాదనడానికి ఆయన బోసెలాగర్ కాదు. వ్రతం పట్టిన మనిషి. ఇచ్చేశారు. ఛాన్సలర్‌ను విధేయత అడిగిన నలభై తొమ్మిదో రోజది. నాలుగు రోజులకే బోసెలాగర్ తిరిగి పదవిలోకి వచ్చారు.

తర్వాత ఇద్దరు అధిపతులు పదవిలోనే మరణించారు. ఇప్పటి అధిపతి జాన్ డన్‌లాప్‌ను 2022 జూన్‌లో పోప్ స్వయంగా నియమించారు. అగ్రపీఠానికి ఉన్నత వంశం తప్పనిసరన్న పాత షరతు కొత్త రాజ్యాంగంలో లేదు. దాన్ని మెచ్చేవారు చాలామందే ఉన్నారు.

ఫెస్టింగ్ ఇదంతా చూడలేదు. 2021 నవంబర్‌లో ఆర్డర్ నైట్ ఒకరు వ్రతాలు పట్టే వేడుకకు మాల్టా రాజధాని వాలెట్టా వెళ్లి, అక్కడే జబ్బుపడి 12న మరణించారు. పూర్వపు గ్రాండ్ మాస్టర్లు ఉన్న సెయింట్ జాన్స్ చర్చి నేలమాళిగలోనే ఆయననూ సమాధి చేశారు.