అలాట్‌మెంట్ షెడ్డుకు దొంగల బెడద: అపోహలు - వాస్తవాలు

ఫిబ్రవరిలో ఒక ఆదివారం తెల్లవారుతూనే ఫోను మోగింది. వెళ్లి చూస్తే మా అలాట్‌మెంట్‌లో ఒకే రాత్రి తొమ్మిది షెడ్లు పగిలాయి. ఒక్కొక్క షెడ్డు ముందూ మోకాళ్ల మీద కూర్చుని తలుపులు పరిశీలించాను. తొమ్మిదింటిలో ఏడు తాళం కప్పలు చెక్కుచెదరలేదు. వేసినవి వేసినట్టే ఉన్నాయి. తలుపులు మాత్రం మంచు పట్టిన గడ్డిలో పడి ఉన్నాయి.

ఇంగ్లాండ్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్ల కోసం ఒక మాట. అలాట్‌మెంట్ అంటే స్థానిక కౌన్సిల్ ఏడాది అద్దెకు ఇచ్చే కూరగాయల మడి. అడిగిన ప్రజలకు ఇలాంటి నేల చూపించే బాధ్యతను 1908 నాటి చట్టం కౌన్సిళ్లపై పెట్టింది. పూర్తి ప్లాటు పాత కొలతలో 10 రాడ్లు, అంటే సుమారు 250 చదరపు మీటర్లు. మన లెక్కలో ఆరు సెంట్ల పైచిలుకు. ఆ నేలలో మెంతికూర, కొత్తిమీర, చుక్కకూర బయటే బాగా వస్తాయి. పాలిథిన్ గుడారం వేసుకుంటే పచ్చిమిర్చి, సొరకాయ కూడా కాస్తాయి. పదకొండేళ్లుగా మా సైటుకు కార్యదర్శిగా ఉన్నాను. మొదటి దొంగతనం జరగగానే మనసు విరిగి ప్లాటు తిరిగి ఇచ్చేసిన కుటుంబాలు నాకు తెలుసు. అందులో మన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లు పోగొట్టుకున్నది ఒక పార, రెండు గొట్టాలు. వదులుకున్నది మాత్రం ఏళ్ల తరబడి వేచి సంపాదించుకున్న నేల. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: మంచి తాళం కొంటే చాలు

అందరూ తాళం కప్ప మీదే ఖర్చు పెడతారు. దొంగ తాళం జోలికే పోడు. షెడ్డు కొన్నప్పుడు దానితో పాటు వచ్చిన గడియనూ మడతబందులనూ సాధారణ స్క్రూలతో పైనుంచి బిగించి ఉంటారు. వాటి తలలు బయటికే కనిపిస్తుంటాయి. ఒక స్క్రూడ్రైవర్, ఐదు నిమిషాల చీకటి ఉంటే చాలు. ఆ ఏడు తలుపులూ అలా ఊడినవే.

నేను ప్రతి కొత్త సభ్యుడికీ చెప్పే మొదటి పని స్క్రూలు తీసేసి కోచ్ బోల్టులు వేయడం. బయటివైపు నున్నటి గుండ్రటి తల ఉంటుంది, దాన్ని తిప్పడానికి గాడి ఉండదు. తల కింద ఉన్న చతురస్రపు మెడ చెక్కలో కూరుకుపోతుంది. లోపలివైపు వెడల్పైన వాషరు వేసి నట్టు బిగించాలి. మడతబందుకు కనీసం రెండు, గడియకు రెండు చొప్పున వేయండి. మూసినప్పుడు తన స్క్రూలను తానే కప్పేసే గడియలు దొరుకుతాయి, అలాంటిదే కొనండి. ఇవన్నీ అయ్యాకే తాళం సంగతి. కొండి ఎక్కువగా బయటికి కనిపించని, భుజాలు మూసి ఉన్న కప్ప అయితే కట్టర్ దవడలు దూరవు. సోల్డ్ సెక్యూర్ అనే పరీక్షా సంస్థ 1992 నుంచి తాళాలను పరీక్షించి కంచు, వెండి, బంగారం అంటూ స్థాయిలు ఇస్తోంది. పెట్టె మీద ఆ ముద్ర ఉందో లేదో చూసి కొనండి.

ఈసారి వెళ్లినప్పుడు ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని మీ షెడ్డును బయటి నుంచి మీరే విప్పడానికి ప్రయత్నించండి. మీకు ఎన్ని నిమిషాలు పడితే దొంగకు అందులో సగమే పడుతుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. తలుపును కోట తలుపులా చేసి గోడలను వదిలేస్తే దొంగ గోడ పలకలు పీకి లోపలికి వస్తాడు. చౌక షెడ్ల పలకలు పలచగా ఉంటాయి, చిన్న మేకుల మీద ఆగి ఉంటాయి. తలుపు కన్నా గోడ బాగుచేయడానికే ఎక్కువ ఖర్చవుతుంది. కాబట్టి లోపల ఏముందో ముందు తేల్చుకుని, దానికి తగినంత బలమే షెడ్డుకు ఇవ్వండి.

అపోహ: నా షెడ్డులో విలువైనదేమీ లేదు, ఎవరూ రారు

లోపల ఏముందో దొంగకు ముందే తెలిస్తే కదా! కిటికీకి తెర లేకపోతే ఊహించుకుని వస్తాడు. పాత గోనె గుడ్డ అయినా సరే, తెర కట్టండి. కిటికీకి గాజు బదులు పాలికార్బొనేట్ పలక వేయండి.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఆ ఆదివారం తొమ్మిది షెడ్లలో రెండింటి తాళాలు, గడియలతో సహా పెళ్లగించినవి. పెళ్లగించిన గునపం దొంగ తెచ్చింది కాదు, ఆ వరుసలో మొదటి షెడ్డుకు ఆనించి ఉన్నదే. ఆ షెడ్డు ఒక పెద్దాయనది, ఆయనకు పోయింది ఏమీ లేదు. కానీ పక్కవాళ్ల తలుపులు తన గునపంతోనే విరిగాయని తెలిసి ఆయన పడిన బాధ నేను చూశాను. గునపం, పార, నిచ్చెన, ఇటుక వంటివేవీ బయట వదలకండి.

అపోహ: షెడ్డుకు తాళం వేయకపోవడం బాధ్యత లేకపోవడమే

ఈ విషయంలో మా కమిటీలోనే ఏకాభిప్రాయం లేదు. నా అభిప్రాయం మాత్రం స్పష్టం. లోపల కుండీలు, వెదురు కర్రలు, పాత పార తప్ప ఏమీ లేనివాళ్లు శీతాకాలంలో తలుపుకు ఊరికే గడియ పెట్టి, తాళం లేకుండా వదిలేయడమే మేలు. దొంగ తలుపు తీసి, చూసి, వెళ్లిపోతాడు. కొత్త తలుపు ఖర్చు మిగులుతుంది.

గడ్డి కోసే యంత్రం, రోటవేటర్, జనరేటర్ లాంటి ఇంజిన్ ఉన్న ప్రతి వస్తువూ దీనికి మినహాయింపే. వాటిని వీలైతే ఇంటికే తీసుకెళ్లండి. వీలు కాకపోతే నేలలో కాంక్రీటు పోసి బిగించిన కొక్కేనికి గొలుసుతో కట్టండి. పురుగుల మందులు ఉంటే తాళం తప్పనిసరి, ఎందుకంటే షెడ్డులోకి పిల్లలు కూడా దూరుతారు. పెట్రోలు, గ్యాస్ సిలిండర్ అసలు ఉంచవద్దు. ఆకతాయిలు నిప్పు పెట్టినప్పుడు ఖాళీ షెడ్డు కాలడం వేరు, పెట్రోలు డబ్బా ఉన్న షెడ్డు కాలడం వేరు.

అపోహ: నా షెడ్డు, నా ఇష్టం. వచ్చినవాడికి బుద్ధి చెప్పే హక్కు నాకుంది

కోపం నాకు అర్థమవుతుంది. మన ఊళ్లలో ప్రహరీ గోడల మీద సీసా పెంకులు గుచ్చడం చూస్తూ పెరిగాం, ఇక్కడా అదే చేద్దామని అడిగేవాళ్లు ఉన్నారు. చేయకండి. ఇంగ్లాండ్, వేల్స్‌లలో 1984 నాటి చట్టం ప్రకారం, అనుమతి లేకుండా చొరబడినవాడి భద్రత పట్ల కూడా ఆ స్థలాన్ని నిర్వహించేవారికి కొంత బాధ్యత ఉంది. మనుషులకు తీవ్ర గాయం చేసే ఉచ్చులు పన్నడం 1861 నాటి చట్టం ప్రకారం నేరం. బాటసారులు నడిచే దారి పక్కన వాళ్లకు తగిలేలా ముళ్ల తీగ కడితే తీసేయమని కౌన్సిల్ ఆదేశించగలదు.

ఈ చట్టాలు ఎంత దూరం వెళ్తాయో చెప్పే కేసు ఒకటి సరిగ్గా అలాట్‌మెంట్ షెడ్డులోనే మొదలైంది. 1988 మార్చిలో, డెర్బీషైర్‌లోని ఇల్కెస్టన్‌లో ఇది జరిగింది. వరుస దొంగతనాలతో విసిగిపోయిన 76 ఏళ్ల పెద్దాయన రాత్రిళ్లు తన షెడ్డులోనే పడుకునేవాడు. అర్ధరాత్రి దాటాక ఎవరో తలుపు పగలగొట్టడానికి ప్రయత్నించారు. ఆయన తలుపులోని చిన్న కంత గుండా, అవతలివాణ్ని సరిగా చూడకుండానే తుపాకీ పేల్చాడు. దొంగకు చేతిలో, ఛాతీలో గుళ్లు దిగాయి. దొంగ నేరం ఒప్పుకున్నాడు, శిక్ష పడింది. పెద్దాయన తన మీద పెట్టిన క్రిమినల్ కేసులో నిర్దోషిగా బయటపడ్డాడు. కథ అక్కడితో అయిపోలేదు. దొంగ పరిహారం కోసం సివిల్ దావా వేసి గెలిచాడు. తప్పులో మూడింట రెండు వంతులు దొంగదేనని తగ్గించాక కూడా పెద్దాయన 4,000 పౌండ్లకు పైగా చెల్లించాలన్నారు. 1995లో అప్పీలు కోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. ప్రాణానికి ముప్పు వచ్చినప్పుడు తగినంత బలంతో కాపాడుకునే హక్కు చట్టంలో ఉంది. కూరగాయల మడి కోసం ఆ గీత ఎక్కడుందో చీకట్లో వెతుక్కునే పరిస్థితి మీకు రాకూడదు. షెడ్డులో రాత్రి కాపలా పడుకోకండి.

మరి కంచె? మన పెద్దలు పొలం చుట్టూ రేగు కంప, తుమ్మ కంప వేసేవారు. ఇక్కడ ఆ పనిని హాథార్న్, బ్లాక్‌థార్న్, పైరకాంథా మొక్కలు చేస్తాయి. నాటిన ముళ్ల మొక్కతో ఈ చిక్కులు రావు. హాథార్న్, బ్లాక్‌థార్న్ మొక్కలను నవంబరు నుంచి మార్చి దాకా మట్టి లేకుండా వట్టి వేళ్లతో కట్టలుగా అమ్ముతారు, చవక. మూడు నాలుగేళ్లు ఓపిక పడితే మనిషి దూరలేని గోడ అవుతుంది. పైగా వసంతంలో తేనెటీగలకు పూలు, శీతాకాలంలో పిట్టలకు పండ్లు. మా సైటుకు ఉత్తరం వైపున వేసిన హాథార్న్ పెరిగాక ఆ దిక్కు నుంచి ఒక్కరూ లోపలికి రాలేదు. నేను చేసిన పనుల్లో నాకు బాగా తృప్తి ఇచ్చింది అదే.

అపోహ: కెమెరా పెడితే సమస్య తీరుతుంది

చాలా సైట్లలో కరెంటు లేదు. బ్యాటరీ కెమెరాను దొంగే పట్టుకెళ్తాడు. టోపీ పెట్టుకుని, తల దించుకున్న మనిషి ఫొటోతో చేయగలిగింది తక్కువ. పైగా మీ కెమెరాలో పక్క ప్లాటో అందరూ నడిచే బాటో కనిపిస్తే సమాచార రక్షణ చట్టం మీకు వర్తిస్తుంది. సైటు మొత్తానికి పెట్టదలిస్తే కమిటీ బోర్డులు పెట్టాలి, రికార్డులు ఎంతకాలం ఉంచాలో నిర్ణయించుకోవాలి, కౌన్సిల్ అనుమతి తీసుకోవాలి. ఆ డబ్బుతో నేనైతే తలుపు తెరవగానే పెద్దగా అరిచే చిన్న బ్యాటరీ అలారాలు పది కొంటాను. బాట మీద గులకరాళ్లు పోయిస్తాను. అడుగుల చప్పుడు దొంగకు అస్సలు గిట్టదు.

అపోహ: పోలీసులకు చెప్పి లాభం లేదు

ఒక పార పోయిందని ఫోను చేస్తే ఎవరో పరుగెత్తుకొస్తారని నేను చెప్పను. కానీ ఫిర్యాదు నమోదు కాకపోతే మీ సైటులో నేరమే లేనట్టు. గస్తీ అడగడానికి, కంచె బాగుచేయమని కౌన్సిల్‌ను నిలదీయడానికి మా చేతిలో ఉన్న ఆధారం ఆ ఫిర్యాదుల సంఖ్యే. తొమ్మిది షెడ్లు పగిలితే తొమ్మిది మందీ విడివిడిగా చెప్పాలి. జరిగిపోయిన దానికి 101. దొంగ ఇంకా లోపలే ఉంటే 999. ఎవరో తెలిసినా పేరు బయటపడుతుందని భయమైతే క్రైమ్‌స్టాపర్స్ అనే స్వచ్ఛంద సంస్థకు 0800 555 111 నంబరులో పేరు చెప్పకుండా తెలియజేయవచ్చు. ఫిర్యాదు సంఖ్య రాసి పెట్టుకోండి. షెడ్డు అయినా సరే, కట్టడంలో చొరబడి దొంగతనం చేస్తే 1968 చట్టం ప్రకారం పదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. దాన్ని చిన్న విషయంగా మీరే తీసిపారేయకండి.

మా సైటుకు మూడు గేట్లున్నాయి, ఏ గేటుకూ ఇంటి నంబరు లేదు. అత్యవసరంలో ఎక్కడికి రావాలో చెప్పడానికి ప్రతి చోటుకూ మూడు మాటల గుర్తు ఇచ్చే వాట్‌త్రీవర్డ్స్ యాప్ చూపించే ఆ మాటలను ప్రతి గేటుకు లోపలివైపు రాయించాం. గుండె నొప్పి వచ్చిన ఒక సభ్యుడి దగ్గరికి అంబులెన్సు నేరుగా వచ్చింది దాని వల్లే.

దొరికిన వస్తువు ఎవరిదో తెలియకపోతే పోలీసులు దాన్ని తిరిగి ఇవ్వలేరు. పనిముట్ల పిడి మీద మీ ఇంటి పోస్టుకోడ్, ఇంటి నంబరు కాల్చో చెక్కో రాయండి. ఫొటో తీసి, ఇమ్మొబిలైజ్ అనే ఉచిత జాబితాలో చేర్చండి. పోలీసులు దొరికిన వస్తువులను అందులో వెతుకుతారు. పిడికి ముదురు గులాబీ రంగు వేస్తే అమ్మబోయేవాడికి ఇబ్బంది, గడ్డిలో వెతుక్కునే మీకు సులువు.

అపోహ: ఇంటి బీమా ఉందిగా

చాలా పాలసీల్లో షెడ్డు అంటే ఇంటి ఆవరణలో ఉన్న షెడ్డే. మైలు దూరంలోని అలాట్‌మెంట్ అందులోకి రాదు. మాలో ఒకరికి ఈ సంగతి రోటవేటర్ పోయాకే తెలిసింది. అలాట్‌మెంట్‌దారుల కోసమే పాలసీలు వేరుగా ఉన్నాయి. కొనేముందు చదవండి.

అపోహ: వచ్చేవాళ్లంతా బయటివాళ్లే

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మావాళ్లను అనుమానించమని కాదు నేను చెప్పేది. గేటు తాళం అంకెలు ఎంతమందికి తెలుసో ఒకసారి లెక్కపెట్టండి. ప్లాటు వదిలేసినవాళ్లు, వాళ్ల బంధువులు, ఎరువు తెచ్చిన లారీ డ్రైవరు, అందరికీ తెలుసు. మేము ఏటా అద్దె కట్టే నెలలో అంకెలు మారుస్తాం. తెరిచాక అంకెలు చెదరగొట్టి, కప్పను గొలుసుకే వేసి ఉంచాలి. తెరిచిన తాళాన్ని అలాగే వేలాడదీస్తే అంకెలు దారినపోయేవాళ్లు చదివేస్తారు.

ఆకతాయిల సంగతి వేరు. వాళ్లకు వస్తువులు అక్కర్లేదు, పగిలే చప్పుడు కావాలి. ఎండాకాలం సెలవుల్లో గ్రీన్‌హౌస్ గాజు, నీళ్ల పీపాలు, గుమ్మడికాయలు వాళ్ల చేతికి చిక్కుతాయి. గాజు తీసేయడం, పగిలినదాన్ని అదే రోజు బాగుచేయడం తప్ప నాకు వేరే మందు కనిపించలేదు. పగిలిన కిటికీని వారం రోజులు అలాగే వదిలితే పక్క కిటికీ కూడా పోతుంది, ఇది నేను నాలుగైదు సార్లు చూశాను.

మా సైటుకు దొంగలు ఎక్కువగా వచ్చేది అక్టోబరు చివర గడియారాలు వెనక్కి తిప్పిన తర్వాత. సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, మనుషులు రారు. ఆ ఫిబ్రవరి తర్వాత మేము శీతాకాలానికి వంతుల పట్టిక వేసుకున్నాం. ఇరవై రెండు కుటుంబాలు, రోజుకు ఒకరు, ఏ వేళైనా సరే, పావుగంట నడిచి రావడమే పని. విరిగిన కంచె, తెరిచి ఉన్న తలుపు కనిపిస్తే ఫోనులో గుంపుకు ఒక ఫొటో పెడతారు. ఆ రాత్రి తలుపు పోగొట్టుకున్న తెలుగు కుటుంబం ఒకటి అప్పట్లో ప్లాటు తిరిగి ఇవ్వడానికి మా ఇంటికి వచ్చింది. ఈ చలికాలం అయిపోయేదాకా ఉంచుకోండమ్మా అన్నాను. ఇప్పుడు గురువారం వంతు వాళ్లది.