ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏకు: హోవర్డ్ టెమిన్ పరిశోధన

కోడికి లేచిన ఒక కంతిని నూరి, బాక్టీరియా దాటలేని వడపోత గుండా పంపి, దిగిన ద్రవాన్ని ఆరోగ్యంగా ఉన్న మరో కోడికి ఎక్కిస్తే దానికీ అదే కంతి వస్తుందని అమెరికా శాస్త్రవేత్త పేటన్ రౌస్ 1911లో ప్రకటించారు. క్యాన్సర్‌కు వైరస్ కూడా కారణం కావచ్చునన్న ఈ ఫలితానికి నోబెల్ బహుమతి దక్కింది 1966లో. 1911కీ 1966కీ మధ్య ఆ వైరస్‌ను కోడి శరీరం నుంచి ప్రయోగశాల పళ్ళెంలోకి తెచ్చి, కచ్చితంగా లెక్కపెట్టే వీలు కల్పించినవారిలో హోవర్డ్ టెమిన్ ఒకరు.

1934లో ఫిలడెల్ఫియాలో పుట్టిన టెమిన్, కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో రెనాటో డల్బెకో వద్ద పీహెచ్‌డీ చేస్తూ, హ్యారీ రూబిన్‌తో కలిసి 1958లో ఈ కొలత పద్ధతిని ప్రచురించారు. పళ్ళెం అడుగున ఒకే పొరగా పరుచుకున్న కోడి పిండపు కణాలకు వైరస్‌ను సోకిస్తే, సోకిన చోటల్లా కణాలు రూపం మారి చిన్న గుంపుగా పెరుగుతాయి. ఆ గుంపులను లెక్కిస్తే వైరస్ ఎంత ఉందో తెలుస్తుంది. టెమిన్ లెక్కతో ఆగకుండా ఆకారాన్నీ గమనించారు. ఒక రకం వైరస్ సోకిన కణాలు గుండ్రంగా మారుతుంటే, ఉత్పరివర్తనం చెందిన (జన్యువుల్లో మార్పు వచ్చిన) మరో రకం సోకినవి కదురులా సన్నగా సాగేవి. కణాలు ఎన్నిసార్లు విభజన చెందినా ఆ రూపం నిలిచే ఉండేది. అంటే వైరస్ కణాన్ని ఒకసారి దెబ్బతీసి తప్పుకోవడం లేదు, దాని జన్యువులు కణపు వారసత్వంలో కలిసిపోతున్నాయి. ఆయన తర్వాతి పరిశోధనంతా ఈ ఒక్క పరిశీలన నుంచే మొలిచిందని నేను భావిస్తాను.

చిక్కల్లా ఒక్కటే. ఈ వైరస్ జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ. కణం తన సంతతికి అందించేది డీఎన్‌ఏ. మరి వైరస్ జన్యువులు తరతరాలుగా ఎలా నిలుస్తున్నాయి? 1960లో టెమిన్ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని మెకార్డిల్ క్యాన్సర్ ప్రయోగశాలలో చేరారు. ఆయనకు దొరికిన చోటు నేలమాళిగ. భవనమంతటికీ వెళ్ళే ఆవిరి గొట్టాలు ఆయన ప్రయోగాల గదిలోంచే సాగేవి. డీఎన్‌ఏను చూసి ఆర్‌ఎన్‌ఏ తయారుచేసే పనిని ఆపే యాక్టినోమైసిన్-డి అనే మందును అక్కడ ఆయన వాడి చూశారు. ఆర్‌ఎన్‌ఏ నుంచే ఆర్‌ఎన్‌ఏను నకలు తీసుకునే పోలియో వంటి వైరస్‌లను ఆ మందు అడ్డుకోదు. రౌస్ వైరస్ ఉత్పత్తి మాత్రం ఆగిపోయింది. వైరస్ ఆర్‌ఎన్‌ఏ మొదట డీఎన్‌ఏగా మారి కణంలో దాగుతుందని టెమిన్ 1964లో ప్రతిపాదించారు; ఆ డీఎన్‌ఏ రూపానికి ప్రొవైరస్ అని పేరు పెట్టారు.

తర్వాతి ఆరేళ్ళు దాన్ని నమ్మినవారు చాలా తక్కువ. సమాచారం డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏకే సాగుతుందన్నది అప్పటి పాఠం. డీఎన్‌ఏ నిర్మాణాన్ని కనుగొన్నవారిలో ఒకరైన ఫ్రాన్సిస్ క్రిక్ 1958 నాటి సూత్రం మాత్రం ప్రొటీన్‌లోకి చేరిన సమాచారం వెనక్కి రాదని చెప్పిందే తప్ప, ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏకు దారి మూయలేదు. ఈ సంగతిని క్రిక్ 1970లో స్వయంగా గుర్తుచేశారు. అయితే సందేహించినవారిని పూర్తిగా తప్పుపట్టలేము. మందులతో వచ్చిన ఆధారం పరోక్షమైనది, కణంలో ప్రొవైరస్ డీఎన్‌ఏను నేరుగా చూపే ప్రయత్నాల ఫలితాలు బలహీనంగా ఉండేవి.

దారి చూపింది టెమిన్ ప్రయోగశాలలోని సతోషి మిజుటాని చేసిన ప్రయోగం. కణంలో కొత్త ప్రొటీన్ల తయారీని ఆపేసినా వైరస్ డీఎన్‌ఏ ఏర్పడుతోందని ఆయన గమనించారు. అంటే ఆ పనిచేసే ఎంజైము వైరస్ సోకకముందే సిద్ధంగా ఉంది. అది వైరస్ రేణువులోనే ఉండవచ్చు. శుద్ధిచేసిన వైరస్ పైపొరను డిటర్జెంటుతో కరిగించి, రేడియోధార్మిక గుర్తున్న న్యూక్లియోటైడ్లను (డీఎన్‌ఏను కట్టే ముక్కలను) అందిస్తే డీఎన్‌ఏ తయారైంది. ముందుగా ఆర్‌ఎన్‌ఏను నాశనం చేస్తే ఆ పని చాలావరకు ఆగిపోయింది. మసాచుసెట్స్‌లో డేవిడ్ బాల్టిమోర్ వేరుగా, ఎలుకల ల్యుకేమియా (రక్త క్యాన్సర్) వైరస్‌తో ఇదే విషయాన్ని కనుగొన్నారు. రెండు పత్రాలూ 1970 జూన్‌లో నేచర్ పత్రిక ఒకే సంచికలో పక్కపక్కనే వెలువడ్డాయి. ఆ ఎంజైమునే మనం రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అంటున్నాం. టెమిన్, బాల్టిమోర్, డల్బెకోలకు 1975లో నోబెల్ బహుమతి లభించింది.

1983లో గుర్తించిన ఎయిడ్స్ వైరస్ కూడా ఈ ఎంజైము మీద ఆధారపడేదే. దానిపై 1987లో అనుమతి పొందిన మొదటి మందు ఏజెడ్‌టీ అడ్డుకునేది ఈ ఎంజైమునే. 2020లో మన ఊళ్ళల్లో అందరి నోటా నానిన ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షలో మొదటి రెండక్షరాలు దీని పనినే సూచిస్తాయి: కరోనా ఆర్‌ఎన్‌ఏను ముందు డీఎన్‌ఏగా మారిస్తేనే దాన్ని లక్షల రెట్లు పెంచి పట్టుకోగలం.

టెమిన్ చివరి ఏళ్ళ పని గురించి అంతగా చెప్పుకోరు గాని, నాకు అదే ఎక్కువ నచ్చుతుంది. ఈ ఎంజైముకు తాను రాసినదాన్ని సరిచూసుకునే శక్తి లేదు. వైరస్ తరచుగా మారిపోతూ మందులకు లొంగకుండా పోవడానికి అదొక ముఖ్య కారణం. ఆ తప్పులను ఆయన పరీక్షనాళికలో కాకుండా, జీవకణంలో వైరస్ ఒక్క ఆవృత్తి పూర్తిచేసేలోపు ఎన్ని జరుగుతాయో చూసి లెక్కపెట్టారు. 1994 ఫిబ్రవరిలో, 59 ఏళ్ళ వయసులో ఆయన మరణించారు. శిష్యుడితో కలిసి ఎయిడ్స్ వైరస్ మీద చేసిన లెక్క మరుసటి ఏడాది అచ్చయింది: శుద్ధిచేసిన ఎంజైమును చూసి ఊహించినదానికంటే, కణంలో ఆ వైరస్ చేసే తప్పులు తక్కువ.