సాలీడును ఈడ్చుకెళ్లే కందిరీగ: అపోహలు - వాస్తవాలు

ఫోటో చూసి అది ఏ పురుగో చెప్పడం నా పనిలో ఒక భాగం. "నల్ల ఒళ్లు, నారింజ రెక్కలు, సాలీళ్లను పట్టేదే కదా?" అని తరచూ అడుగుతుంటారు. వీలైతే వీడియో పంపమంటాను. దీన్ని పట్టిచ్చేది రంగు కాదు, నడక.

అపోహ: రంగును బట్టి చెప్పేయొచ్చు.
సాలీళ్లను వేటాడే ఈ కందిరీగల కుటుంబం పేరు పాంపిలిడే. అందులో దాదాపు 5,000 జాతులున్నాయి. నల్లవి, నీలంగా మెరిసేవి, ఎర్ర పొట్టవి అన్నీ ఉన్నాయి. అవే రంగులు వేరే కందిరీగలకూ ఉంటాయి. నేను చూసేది ఇది: నేల మీద ఆగి ఆగి పరుగెడుతుందా, రెక్కలు విదిలిస్తుందా, మీసాలు క్షణం ఊరుకోకుండా ఆడిస్తుందా, వెనక కాళ్లు పొడవుగా, ముళ్లతో ఉన్నాయా అని. అప్పటికీ తేలకపోతే భూతద్దం కింద ఛాతీ పక్కభాగం చూస్తాను. అక్కడ అడ్డంగా, తిన్నగా గీసినట్టు ఒక గాడి ఉంటే ఇక అనుమానం లేదు.

అపోహ: మట్టిగూట్లో సాలీళ్లుంటే అది దీని గూడే.
సాధారణంగా కాదు. ఒక్కో అరలో చిన్న సాలీళ్లు బోలెడు కుక్కి ఉంటే అది దారంలాంటి నడుమున్న మరో కందిరీగ పని. పాంపిలిడే జాతులు ఒక్కో పిల్లకు ఒక్క సాలీడునే పెడతాయి. ఎక్కువ జాతులు బొరియల్లోనో పగుళ్లలోనో పెడతాయి. ఆప్లోపస్ రకాలు మట్టి అరలు కడతాయి గానీ, వాటిలోనూ అరకు ఒక్కటే. పైగా సాలీడు కాళ్లు కొరికేసి మరీ లోపల పెడతాయి!

అపోహ: సాలీడును చంపి తింటుంది.
చంపితే మాంసం కుళ్లిపోతుంది. అందుకే కుట్టి, కదలకుండా చేసి, పొట్ట మీద ఒక్క గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు ముందు రసం పీల్చి, తర్వాత మెత్తటి భాగాలు తిని, ప్రాణాధారమైన అవయవాలను చివరికి మిగులుస్తుంది. అంతవరకూ సరుకు తాజాగా ఉంటుంది. చాలా జాతుల్లో పెద్ద సాలీడు మీద ఆడపిల్ల, చిన్నదాని మీద మగపిల్ల పెరుగుతాయి. తల్లి మాత్రం బతికేది ప్రధానంగా పూల తేనె మీదే.

భ్రమర కీటక న్యాయం చాలామంది వినే ఉంటారు. గూట్లో పెట్టిన పురుగు, తుమ్మెద ఝుంకారం వింటూ దాన్నే తలుచుకుని చివరికి తుమ్మెదైపోతుందట. పోలికగా బాగుంటుంది. గూట్లోంచి బయటికొచ్చేది మాత్రం పెట్టిన పురుగు కాదు, దాన్ని తిన్న పిల్ల.

అపోహ: మనుషుల వెంటపడి కుడుతుంది.
టెన్షన్ పడకండి. ఇవి గుంపుగా బతకవు, కాపాడుకోవడానికి తుట్టె ఉండదు. చేత్తో పట్టుకుంటేనో తొక్కితేనో కుడతాయి, అదీ ఆడవే. అయితే ఆ నొప్పిని తేలిగ్గా తీసుకోవద్దు. ఈ కుటుంబంలోనే అమెరికా ఖండాల్లో ఉండే పెప్సిస్ జాతులకు కీటక శాస్త్రవేత్త జస్టిన్ ష్మిట్ తన కుట్టు నొప్పి కొలమానంలో అత్యధికమైన 4 ఇచ్చారు. కాకపోతే నొప్పి కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది.

అపోహ: సాలీడు పక్కనున్నదే దాన్ని పట్టింది.
నేనూ ఇందులో పొరబడ్డాను. సెరోపేలెస్ అనే దొంగ రకం వేటాడదు. వేరే కందిరీగ సాలీడును ఈడ్చుకెళ్తుంటే సందు చూసుకుని, ఆ సాలీడు ఊపిరి సందులో తన గుడ్డు జొనుపుతుంది. ఆ పిల్ల ముందుగా పొదిగి అసలు యజమాని గుడ్డును తినేస్తుంది. అందుకే ఫ్రేములో రెండు కందిరీగలుంటే, సాలీడును పట్టుకున్నది ఏది, వెనక తచ్చాడుతున్నది ఏది అని ముందు అడుగుతాను.